నిరసనలకు పత్రికలు పూసే రంగులు

ముత్తుకూరు ప్రాంతంలో ఏ నలుగురు కూడినా పత్రికల మీద ఒక ఫిర్యాదు తప్పక వినవస్తుంది. ధర్నా ఒకటే, కూర్చున్న జనమూ ఒకరే. కాని తెల్లవారేసరికి ఒక పత్రికలో అది ‘కట్టలు తెగిన ప్రజాగ్రహం’ అవుతుంది, మరో పత్రికలో ‘వెలవెలబోయిన ఆందోళన’ అవుతుంది. మూడో పత్రికలో అసలు కనబడనే కనబడదు. అందుకే మనవారిలో చాలామంది ‘అఖ్బార్లన్నీ అబద్ధాలే’ అని పక్కన పడేసి, సెల్‌ఫోనులో ఎవరు పంపినదైతే దానినే నిజమని నమ్మే స్థితికి వచ్చారు. ఇది మరింత ప్రమాదకరం. పత్రికలను నమ్మాలా, మానాలా అన్నది కాదు ప్రశ్న. వాటిని ఎలా చదవాలి అన్నది ప్రశ్న.

పూర్వం పత్రికలు నిష్పక్షపాతంగా ఉండేవని, ఇప్పుడే చెడిపోయాయని పెద్దలు కొందరు అంటుంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. మన నెల్లూరులోనే ‘జమీన్ రైతు’ ఉంది. నెల్లూరు వెంకట్రామానాయుడు గారు నడిపిన ఆ పత్రిక వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నిలిచి పోరాడింది. అది పక్షపాతమే. కాని ఎవరి పక్షమో పేరులోనే చెప్పుకున్న పక్షపాతం. విశాలాంధ్ర, ప్రజాశక్తి కూడా అంతే. అవి ఏ పార్టీల పత్రికలో తెలియని పాఠకుడు లేడు. హైదరాబాదు సంస్థానంలో ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్లకు వ్యతిరేకంగా రాసి, 1948 ఆగస్టులో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆయన కూడా ఒక పక్షం తీసుకున్నవాడే. తన మతస్థుల చేతుల్లోనే అధికారం ఉన్న రోజుల్లో, ఆ అధికారానికి వ్యతిరేకంగా తీసుకున్నాడు. పక్షం వహించడం ఒక్కటే నేరమైతే ఇటువంటి వారందరినీ బోనులో నిలబెట్టవలసి వస్తుంది. కనుక మన ఫిర్యాదు మరోచోట ఉండాలి.

అది ఎక్కడ ఉండాలో మన జిల్లా చరిత్రే చెబుతుంది. సారా వ్యతిరేక ఉద్యమాన్ని నెల్లూరు జిల్లావాసులకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. 1991లో అక్షరాస్యతా కార్యక్రమం ఊరూరా మొదలైంది. రాత్రి బడులలో చదువుకున్న స్త్రీలు తమ కష్టాల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి స్త్రీలు సారా అంగడిని మూయించారు. ఆ విజయాన్ని ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠంగా అక్షరాస్యత పుస్తకంలో చేర్చగానే ఊరి తర్వాత ఊరు లేచింది. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు జరపడానికే అధికారులు భయపడే పరిస్థితి ఏర్పడింది. ఆ స్త్రీలు మతబోధ విని బయలుదేరినవారు కారు. మద్యాన్ని మన ధర్మం నిషేధించింది కాబట్టి మనం సంతోషించాం గాని, వారిని కదిలించింది ఇంటికి చేరని కూలి డబ్బులు, రాత్రిపూట తగిలే దెబ్బలు.

ఈ ఉద్యమాన్ని రాష్ట్రమంతటా వ్యాపింపజేసిన ఘనత ఈనాడు పత్రికకు చెందుతుంది. ఇందులో దాపరికం అక్కరలేదు. ‘సారాపై సమరం’ పేరుతో పేజీలు కేటాయించి, ప్రతిరోజూ ఊళ్ళ పేర్లు వేసి వార్తలు ప్రచురించింది. 1989 నుంచి ఆ పత్రిక జిల్లా అనుబంధాలు నడుపుతున్నందువల్ల మారుమూల పల్లె వార్త కూడా అచ్చులోకి వచ్చే మార్గం ఏర్పడింది. తమ పేరు పేపరులో పడిందని విన్న పక్క ఊరి స్త్రీలకు అది కొండంత ధైర్యాన్ని ఇచ్చింది.

అయితే విమర్శకులు అప్పుడే ఒక మాట అన్నారు. ఆనాడు అధికారంలో ఉన్నది కాంగ్రెస్. ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి మన జిల్లావాడే. ముఖ్యమంత్రి సొంత జిల్లాలోనే స్త్రీలు తిరగబడడం ప్రతిపక్షానికి, ప్రతిపక్షాన్ని అభిమానించే పత్రికకు కోరకుండానే దొరికిన ఆయుధం. తెలుగుదేశం పార్టీ 1982లో పుట్టిన నాటి నుంచి ఈనాడు దానికి అండగా నిలిచిన సంగతి అందరికీ తెలిసిందే. సారాను పాకెట్లలో ఊరూరా చేర్చిన ‘వారుణి వాహిని’ పథకం ఎన్.టి. రామారావు తొలి హయాంలోనిదే అన్న విషయం మాత్రం ఆ సమరపు వార్తల సందడిలో వెనక్కు పోయింది.

తర్వాతి కథ ఇంకా గమనార్హం. రాష్ట్రమంతటా 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించింది కోట్ల విజయభాస్కరరెడ్డి కాంగ్రెస్ ప్రభుత్వం. సంపూర్ణ మద్యనిషేధం వాగ్దానంతో రామారావు 1994 డిసెంబరులో తిరిగి గద్దెనెక్కారు. 1995 జనవరి నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం ఆయనను దించి చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. ఖజానాకు లోటు వచ్చిందని, దొంగసారా, అక్రమ రవాణా పెరిగాయని కారణాలు చెప్పి 1997లో మద్యనిషేధాన్ని ఎత్తివేశారు. అప్పుడు ఆ సమరం పేజీలు ఏమయ్యాయి? నిషేధం విఫలమైందన్న ప్రభుత్వ వాదనకు చోటు దొరికినంతగా దూబగుంట స్త్రీల మాటకు దొరకలేదన్నది విమర్శకుల ఆరోపణ. ఐదేళ్ళ క్రితం వీరనారీమణులుగా కీర్తింపబడినవారు ఆ తర్వాత ఎవరికీ అక్కరలేకపోయారు. రోశమ్మ 2016లో కన్నుమూసినప్పుడు మాత్రం మళ్ళీ అన్ని పత్రికలూ ఆమెను స్మరించాయి.

దీనిని బట్టి ఏమి అర్థమవుతుంది? 1992లో వచ్చిన వార్తలు అబద్ధాలు కావు. స్త్రీలు నిజంగానే పోరాడారు, సారా కుండలు నిజంగానే పగిలాయి. పత్రికకు రాజకీయ ప్రయోజనం ఉన్నంత మాత్రాన ఆ నిజం అబద్ధం కాదు. మోసం ఆ వార్త వేయడంలో లేదు, ప్రయోజనం తీరాక అదే మనుషుల గొంతుకు చోటు తగ్గిపోవడంలో ఉంది. ఒక పత్రిక పక్షపాతాన్ని ఒక రోజు సంచికతో పట్టుకోలేము. ప్రభుత్వం మారేదాకా ఆగి, అదే రకం నిరసనకు అదే పత్రిక ఎంత చోటిచ్చిందో చూస్తే తప్ప అది తేటతెల్లం కాదు.

మదరసాలో హదీసు శాస్త్రం చదువుకున్నవారికి ఈ సమస్య కొత్తది కాదు. ఉల్లేఖకుడు ఒక తప్పుడు వర్గానికి చెందినవాడైతే అతని మాట తీసుకోవాలా అన్న ప్రశ్న ముహద్దిసుల ముందు వెయ్యేళ్ళ క్రితమే వచ్చింది. వారు అందరినీ గంపగుత్తగా తోసేయలేదు. ఇమాం బుఖారీ తన గ్రంథంలో ఖవారిజ్ వర్గానికి చెందిన ఇమ్రాన్ బిన్ హిత్తాన్ ఉల్లేఖనను కూడా తీసుకున్నారు. మనిషి సత్యసంధుడా, జ్ఞాపకశక్తి సరైనదేనా అని చూశారు. ఆపైన ఇబ్నె హజర్ అస్ఖలానీ వంటి పండితులు ఒక మెలిక పెట్టారు. అతడు చెప్పే మాట అతని వర్గవాదాన్నే బలపరిచేదైతే దానిని ఒప్పుకోవద్దన్నారు. ఎంత లోకజ్ఞానంతో కూడిన నియమమో చూడండి! దివ్యఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు కూడా, అవిధేయుడు తెచ్చిన వార్తను విచారించుకోమనే ఆదేశించింది. తెలియక ఏ వర్గానికైనా హాని చేసి పశ్చాత్తాపపడే పరిస్థితి రాకుండా ఉండడానికి. విచారించమంది గాని, చెవులు మూసుకోమని అనలేదు.

ఈ నియమాన్ని నేటి పత్రికలకు అన్వయిస్తే పని చాలా సులువవుతుంది. 2008 మార్చి 24న సాక్షి దినపత్రిక మొదలైంది. అప్పటికి ముఖ్యమంత్రిగా ఉన్న రాజశేఖరరెడ్డి ‘ఆ రెండు పత్రికలు’ అంటూ ఈనాడు, ఆంధ్రజ్యోతిల మీద విరుచుకుపడుతుండేవారు. ఆయన కుమారుడి పత్రిక రావడంతో తెలుగు పాఠకులకు రెండో పక్షం కూడా అచ్చులో దొరికింది. రెండు వైపులా వినవచ్చు కదా అని సంతోషించినవారు ఉన్నారు. జరిగింది వేరు. ఏ ఇంటికి ఏ పత్రిక వస్తుందో ఆ ఇంటివారికి ఆ లోకమే లోకమైంది.

అమరావతి రైతుల ఆందోళన దీనికి పెద్ద ఉదాహరణ. 2019 డిసెంబరు 17న శాసనసభలో ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి మూడు రాజధానుల ప్రస్తావన తెచ్చిన నాటి నుంచి 2024 జూన్‌లో ఫలితాలు వచ్చేదాకా 1631 రోజులు అది సాగింది. 2021లో తుళ్ళూరు నుంచి తిరుపతికి జరిగిన మహాపాదయాత్ర మన నెల్లూరు జిల్లా మీదుగానే వెళ్ళింది. భూములిచ్చిన రైతుల కన్నీటి గాథలు ఒక వర్గం పత్రికలలో పేజీలకు పేజీలు వచ్చాయి. అధికార పక్ష నాయకులు వారిని ‘పెయిడ్ ఆర్టిస్టులు’ అని ఎద్దేవా చేశారు. రియల్ ఎస్టేటు వ్యవహారంగానే చూపిన కథనాలు రెండో వర్గం పత్రికలో వచ్చాయి. భూమి ఇచ్చి మోసపోయామన్న సన్నకారు రైతూ నిజమే, భూముల మీద పెట్టుబడి పెట్టినవారూ నిజమే. ఒక పత్రికకు మొదటివారే కనబడ్డారు, మరొకదానికి రెండోవారే. భూమిలేని కూలీల గోడు మాత్రం రెండింటిలోనూ పలచగానే ఉంది.

అంగన్‌వాడీ కార్యకర్తల సంగతీ అంతే. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం 2024 జనవరిలో వారి మీద ఎస్మా ప్రయోగించింది. అప్పుడు వారిని అక్కున చేర్చుకున్న పత్రికలేవో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వం మారాక 2025 మార్చిలో వారే గ్రాట్యుటీ, జీతాల కోరికలతో విజయవాడలో కూర్చున్నారు. అదే మనుషులు, దాదాపు అవే కోరికలు. ఈ రెండు సందర్భాల పత్రికలు పక్కపక్కన పెట్టి చూడండి. మేము చెప్పడం కన్నా మీరు చూడడమే మంచిది.

ఇంతవరకు రెండు పక్షాల మధ్య నలిగే నిరసనల గురించి చెప్పాము. మనకు అసలు నొప్పి కలిగించేది ఇది కాదు. రెండు పక్షాలూ ఒకటైనప్పుడు ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. పౌరసత్వ సవరణ బిల్లు 2019 డిసెంబరు 9న లోక్‌సభలో, 11న రాజ్యసభలో ఆమోదం పొందింది. వైసీపీ అనుకూలంగా ఓటు వేసింది. తెలుగుదేశమూ వేసింది. వారం తిరగకుండానే మూడు రాజధానుల గొడవ మొదలైంది. అంటే ఆ చలికాలంలో ఆంధ్రప్రదేశ్‌లో రెండు ఆందోళనలు పక్కపక్కనే నడిచాయి. ఒకదానికి అనుకూలంగానూ, వ్యతిరేకంగానూ పత్రికలు ఉన్నాయి. రెండోదానికి, అంటే మన పట్టణాలలో జెండాలు పట్టుకుని నడిచిన జులూస్‌లకు, తనదని చెప్పుకునే పత్రిక లేదు. వార్తలు రాలేదని కాదు. వచ్చాయి. జిల్లా పేజీల మూలన, ట్రాఫిక్ ఆగిన సంగతితో కలిపి వచ్చాయన్నది మనవారి ఫిర్యాదు. హైదరాబాదులో 2020 జనవరి 4న జరిగిన మిలియన్ మార్చ్ వంటి జనసంద్రం అయితే తప్ప చూపు తిరగలేదంటారు. మేము స్వయంగా పాల్గొన్న ఒక శాంతియుత సభకు మరునాడు ఒక పత్రిక ఇచ్చిన చోటు నాలుగు వాక్యాలు. ఆ నాలుగింటిలో ఒకటి పోలీసు బందోబస్తు గురించి, ఒకటి వాహనాల మళ్ళింపు గురించి. సభ ఎందుకు జరిగిందో మాత్రం లేదు.

2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు వచ్చేసరికి దృశ్యం మారింది. తెలుగుదేశం సమర్థించింది. వైసీపీ వ్యతిరేకించింది, సుప్రీంకోర్టుకు కూడా వెళ్ళింది. వెంటనే ముస్లింల నిరసనకు ఒక వైపు నుంచి ఆత్మీయత పుట్టుకొచ్చిందని, మరోవైపు సవరణలో మేళ్ళు వెతికే పని మొదలైందని మన పాఠకులు అంటున్నారు. 2019లోనూ 2025లోనూ రోడ్డు మీదకు వచ్చింది ఇంచుమించు అదే జనం. మన బాధ పెరగలేదు, తరగలేదు. పార్టీల లెక్క మారింది. ఇది గ్రహించినవారు ఒక పత్రిక తమను ఫొటోతో సహా మొదటి పేజీలో వేసినందుకు పొంగిపోరు.

పక్షపాతమంతా యజమానుల రాజకీయం వల్లనే అనుకోవడం కూడా పొరపాటే. మండల విలేఖరి బతుకు తెరువు చూడాలి. మండల కేంద్రాలలో వార్తలు పంపేవారిలో ఎక్కువమంది జీతగాళ్ళు కారు. అచ్చయిన దానిని బట్టి వచ్చే కొద్దిపాటి సొమ్ముతో, ప్రకటనలు తెచ్చి కమీషనుతో నెట్టుకొచ్చేవారు. ఎమ్మెల్యే పుట్టినరోజుకు, పండగలకు ప్రకటనలు ఇచ్చేది ఎవరు? స్థానిక నాయకులు, గుత్తేదారులు, ఫ్యాక్టరీలవారు. ఏ ఫ్యాక్టరీ పొగ గురించి ధర్నా జరిగిందో ఆ ఫ్యాక్టరీ ప్రకటన రేపటి పత్రికకు కావాలి. అతనిని దుర్మార్గుడు అనలేము. అతని మెడ మీద కత్తి ఉంది.

పైస్థాయిలో ఇదే వ్యవహారం కోట్లలో జరుగుతుంది. 2009 ఎన్నికలలో డబ్బుకు వార్తలు అమ్ముకున్న సంగతిని మన రాష్ట్ర జర్నలిస్టుల సంఘమే బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల సంఘంలో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. పత్రికల పేర్లతో సహా వారిచ్చిన పూర్తి నివేదికను మొదట బయటపెట్టకుండా 2010లో ఒక కుదించిన నివేదికతో సరిపెట్టారు. 2022లో గ్రామ వలంటీర్లకు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తూ ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చినప్పుడు, అది ముఖ్యమంత్రి కుటుంబ పత్రిక కోసమేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకు వెళ్ళింది. ప్రభుత్వాలు బెదిరింపులకూ వెనుకాడవు. వార్తల మీద కేసులు పెట్టే అధికారం అధికారులకు ఇస్తూ 2007లో 938, 2019లో 2430 నంబరు ఉత్తర్వులు వచ్చాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే కేబుల్ ఆపరేటర్లు సాక్షి తదితర చానళ్ళ ప్రసారాలు ఆపితే ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఏ పక్షమూ ఇందులో చేతులు కడుక్కోలేదు.

ముత్తుకూరు సంగతికి వద్దాం. 2021 మేలో కృష్ణపట్నం ఆనందయ్య మందుతో మన మండలం పేరు దేశమంతా మోగింది. అంతకన్నా ఎన్నో ఏళ్ళుగా ఇక్కడ నడుస్తున్న గోడు ఉంది. ఓడరేవు, నేలటూరు వద్ద 800 మెగావాట్ల యూనిట్లతో థర్మల్ కేంద్రం, నూనె శుద్ధి ఫ్యాక్టరీలు వచ్చాయి. భూములు పోయినవారు, వేట దారులు మూసుకుపోయిన మత్స్యకారులు, బొగ్గు దుమ్ము పీల్చేవారు ఎన్నోసార్లు రోడ్డెక్కారు. థర్మల్ కేంద్రం నిర్వహణను ప్రైవేటుకు ఇవ్వవద్దని ఉద్యోగులు నెలల తరబడి నిరసన తెలిపారు. 2022 అక్టోబరు 27న మూడో యూనిట్‌ను ముఖ్యమంత్రి జాతికి అంకితం చేశారు. 2024 జనవరిలో కంటెయినర్ టెర్మినల్ తరలిపోతోందని ప్రతిపక్షాలు ఆందోళనకు దిగాయి, అధికార పక్షం తోసిపుచ్చింది. ఎన్నికల ముందు ఆ టెర్మినల్ గురించి ఎన్ని వార్తలు వచ్చాయో, ఎన్నికల తర్వాత ఎన్ని వచ్చాయో ఆసక్తి ఉన్నవారు లెక్కవేసుకోవచ్చు.

ఇందులో మరొక చిక్కు ఉంది. జిల్లా అనుబంధాలు సారా ఉద్యమం నాడు మేలు చేశాయని చెప్పాము. ఇప్పుడు అవే గోడలయ్యాయి. నేలటూరు ధర్నా వార్త నెల్లూరు పేజీలోనే పుట్టి నెల్లూరు పేజీలోనే చచ్చిపోతుంది. అధికారులు కూర్చునే విజయవాడలో ఆ పేజీ అచ్చే కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ కేంద్రాన్ని వ్యతిరేకించిన రైతుల మీద 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాకే ఆ ఊరి పేరు రాష్ట్రమంతటికీ తెలిసింది. అంతకుముందు ఎన్ని రోజులు కూర్చున్నారో ఎవరికి తెలుసు? మొదటి పేజీకి ఎక్కాలంటే నెత్తురు కారాలి, లేదా పార్టీకి పనికిరావాలి. ఈ రెండూ లేని శాంతియుత నిరసనకు దారి లేకపోవడం శోచనీయం.

మన వంతు ఏమిటని అడిగేవారికి రెండు పనులు చెబుతాము. ఇరుగుపొరుగు ఇళ్ళలో వేర్వేరు పత్రికలు తెప్పించుకుని మార్చుకుని చదవండి. ఒక పత్రిక తాను అభిమానించే ప్రభుత్వానికి ఇబ్బంది కలిగే నిరసనను వేస్తే దానికి ఎక్కువ విలువ ఇవ్వండి, ఎందుకంటే అది తన మొగ్గుకు ఎదురుగా పలికిన సాక్ష్యం. మన ఉర్దూ పత్రికలకూ, మనకు నచ్చే మాటలు మాత్రమే చెప్పే సెల్‌ఫోను సందేశాలకూ ఇదే తూకం వాడండి. రెండవది, తప్పుడు వార్త వచ్చినప్పుడు టీ అంగడి దగ్గర తిట్టుకుని ఊరుకోవద్దు. ముందుగా సంపాదకునికి లిఖితపూర్వకంగా రాయాలి. జవాబు రాకపోతే, లేదా సరిపోకపోతే, ఆ వార్త ప్రతిని, మీ ఉత్తరాన్ని జతచేసి న్యూఢిల్లీలోని ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపవచ్చు. దినపత్రిక విషయంలో వార్త వచ్చిన రెండు నెలల లోపు పంపాలి. 1978 చట్టం ప్రకారం కౌన్సిల్ మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు, జైలుకు పంపలేదు. టీవీ చానళ్ళు దాని పరిధిలోకి రావు. ఉత్తరం తెలుగులో రాసి, ఆంగ్ల అనువాదం జతచేస్తే పని త్వరగా కదులుతుంది. ఊరిలో డిగ్రీ చదివిన పిల్లలు ఇంతమంది ఉన్నారు, అది వారికి గంట పని.